సిగ్నల్ లేని చోట శిక్షణే దిక్కు

జూపాడు బంగ్లా దగ్గర రాత్రి పదకొండింటికి మడికి నీళ్లు కట్టడానికెళ్లిన రైతును పాము కాటేసిందనుకుందాం. 108 వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రికి చేరేదాకా ఆయన ప్రాణం ఎవరి చేతుల్లో ఉన్నట్టు? డాక్టర్ చేతుల్లో కాదు, అంబులెన్సు వెనక కూర్చున్న ఈఎంటీ చేతుల్లో.

నేను ఇంజినీరింగ్ చదివి టెక్నాలజీ మీద రాసుకునేవాణ్ని. 2005 ఆగస్టులో మన రాష్ట్రంలో మొదలైన 108కి కాల్ సెంటర్, ఫోన్లో డాక్టర్ సలహా పెద్ద బలమని ఒప్పుకొంటా. కానీ బండి నల్లమలలోని చెంచు గూడేల దారి పట్టాక సిగ్నల్ పోతే? అప్పుడు మిగిలేది నేర్చుకున్న పనే.

పాముకాటునే తీసుకోండి. కాటుపడిన కాలు కదలకుండా చూడాలి. గట్టిగా తాడు బిగించకూడదు, గాటు పెట్టకూడదు. నాగుపాము, కట్లపాము విషమెక్కితే రెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి మందగిస్తుంది. అలాంటప్పుడు ఆసుపత్రి వచ్చేదాకా అంబు బ్యాగ్‌తో ఊపిరి అందిస్తూనే ఉండాలి. ఇది వీడియోలు చూస్తే వచ్చే విద్య కాదు. ముందు బొమ్మ మీద, తర్వాత సీనియర్ పక్కన నిలబడి వార్డులో చేస్తేనే చేతికి వస్తుంది.

అందుకే శిక్షణ గంటలకు అంత విలువ. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులను గుర్తించింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల చదువుకు కనీసం 2,000 గంటలు ఉండాలంది, అర్హుల పేర్లు రిజిస్టర్‌లో నమోదు కావాలంది. మరి 'మూణ్నెల్ల కోర్సు, గ్యారంటీ జాబ్' అని బస్టాండు గోడల మీద కనిపించే పోస్టర్ల సంగతేంటి?

ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుకు గుర్తింపు ఎవరిది? ఆసుపత్రిలో ఎన్ని గంటలు పనిచేయిస్తారు? అంబులెన్సు డ్యూటీలు ఎన్ని వేస్తారు? జవాబు నీళ్లు నమిలితే బయటికొచ్చేయండి.

బాధ్యత విద్యార్థులది మాత్రమే కాదు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మారుమూల డ్యూటీ చేసే ఈఎంటీలకు ఏడాదికోసారి అక్కడే పునశ్చరణ శిక్షణ పెట్టొచ్చు. చేతికొచ్చిన పనైనా వాడకపోతే మరుపుకొస్తుంది.

ఈ ఉద్యోగంలో చేరాలనుకుంటే సంతోషం. కాకపోతే సర్టిఫికెట్ కోసం కాదు, ఆ రాత్రి ఆ రైతు పక్కన మీరొక్కరే ఉంటారని గుర్తుపెట్టుకుని నేర్చుకోండి.