పరలోకం సరే, భూలోకం సంగతేమి?

ఎండాకాలం వస్తే అనంతపురం పల్లెల్లో రెండు తప్పవు. ఒకటి, ట్యాంకరు నీళ్ల కోసం బిందెల వరస. రెండు, సువార్త కూటాల మైకు. వరసలో నిలబడేదెవరో, మైకు ముందర కూచునేదెవరో చెప్పనక్కర్లేదు. మాలగేరి, మాదిగగేరి జనమే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నిలకడగా పడని నేల ఇది. ఇక్కడ నాలుక పిడచగట్టిన వాళ్ల ముందు నిలబడి నరకంలో మంట ఎంత వేడో వర్ణిస్తారు. మారుమనసు పొందకుంటే అక్కడ చుక్క నీళ్లు దొరకవంటారు. అయ్యా, ఇక్కడ మాత్రం దొరుకుతున్నాయా?

దేవుణ్ణి తిట్టడానికి మేం ఇది రాయడం లేదు. మాలో చర్చికి పోయేవాళ్లున్నారు, పోనివాళ్లున్నారు. మా తగాదా పరలోకంతో కాదు. పరలోకం చూపించి భూలోకాన్ని మరిపించే బోధతో. ఆ బోధ మూడే ముక్కలు: భూలోకం రెండురోజుల విడిది, ఇక్కడి కష్టం పాపఫలం, ఓర్చుకుంటే పైన బంగారు వీధులు. ఈ మాట విని అందరికన్నా ఎక్కువ సంతోషపడేదెవరు? కూలి పెంచాల్సిన ఆసామి! పోయిన జన్మ పాపమని అయ్యవారు చెప్పినా, ఆదాము పాపమని పాస్టరయ్య చెప్పినా, కూలి మాత్రం పెరగదు.

అంబేడ్కర్ దీన్ని ఎప్పుడో పట్టుకున్నాడు. క్రైస్తవంలోకి పోయిన అంటరానివాడికి, నీ పతనానికి కారణం నీ చుట్టూ ఉన్న అన్యాయపు ఏర్పాటు అని చెప్పాల్సిన చోట పాపమే కారణమని చెప్పారు; అందుకే ఆ ఏర్పాటు మీద తిరగబడే ఊపు అతనికి రాలేదు అన్నది ఆయన విమర్శ.

సరే, వాళ్ల పుస్తకమే తెరుద్దాం. లూకా సువార్త 16వ అధ్యాయంలో ధనవంతుడు, లాజరు కథ ఉంది. ధనవంతుడు దొంగతనం చేశాడని అందులో లేదు. విగ్రహానికి మొక్కాడని లేదు. రోజూ విందులు చేసుకున్నాడు, వాకిట్లో లాజరు పుండ్లతో ఆకలితో పడి ఉన్నాడు. అంతే! దానికే మంటల్లో పడ్డాడు. అక్కడ కూడా ఆయన బుద్ధి చూడండి. లాజరును పంపించి నా నాలుక తడపమంటాడు. అది కుదరకపోతే, మా అన్నదమ్ముల ఇంటికి కబురు పంపమంటాడు, దానికీ లాజరే కావాల. నీళ్లు మోయడం, కబురు మోయడం! ఇది వెట్టి కాక ఇంకేమి? మన ఊళ్లలో వెట్టివాడికి చెప్పిన పనులు ఇవే కదా. నరకంలో పడ్డాక ఆ దొరకు అంటు పోయింది గానీ పెత్తనం పోలేదు. బతికున్నప్పుడు ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క వాకిలి. దాన్ని దాటి రాలేదు. చచ్చినాక అదే అగాధమైంది. ఈ కథను మాలమాదిగల ముందర చెప్పి భయపెట్టడం ఏం న్యాయం? చెప్పాల్సింది వాకిళ్లున్న వాళ్లకు.

నరకం అనే మాట కూడా చూడండి. తెలుగు బైబిల్లో పాతాళం వేరు, నరకం వేరు. పాతాళమని రాసిన హెబ్రీ మాట షియోల్. మంచివాళ్లు, చెడ్డవాళ్లు, చచ్చినవాళ్లందరూ పోయే చోటు అది. నరకమని రాసిన గెహెన్నా మాత్రం యెరూషలేము గోడల పక్కనున్న హిన్నోము లోయ పేరు. అక్కడ పిల్లల్ని మంటల్లో వేశారని యిర్మీయా ప్రవక్త మండిపడ్డాడు. అంటే నరకానికి ఆ పేరు పెట్టింది భూమ్మీది ఒక ఘోరాన్ని బట్టే. మన గడ్డమీద అలాంటి లోయల పేర్లు వేరు. 1985 జూలై 17న కారంచేడు, ఆరుగురు మాదిగలు. 1991 ఆగస్టు 6న చుండూరు, ఎనిమిది మంది దళితులు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు దినాన దేవుడే చూసుకుంటాడులే అని అప్పుడు మనకు చెప్పినవాళ్లు, ఆ మాట తమ స్థలం కబ్జా అయినప్పుడు చెప్పుకుంటారా? వకీలును పెట్టుకుంటారు!

పరలోకం సంగతీ అంతే. యేసు నేర్పిన ప్రార్థన మమ్మల్ని పైకి తీసుకుపొమ్మని అడగదు. పైన జరిగే దేవుడి చిత్తం కింద కూడా జరగాలని అడుగుతుంది. యెషయా చెప్పిన కొత్త భూమిలో ఇల్లు కట్టినవాడే ఆ ఇంట్లో ఉంటాడు, తోట నాటినవాడే పండు తింటాడు. ప్రకటన గ్రంథం చివర మనుషులు పైకి పోరు, పట్టణమే పైనుంచి కిందికి దిగుతుంది. కాడి దున్నినవాడికి సెంటు భూమి లేని ఈ జిల్లాలో ఇంతకన్నా పెద్ద రాజకీయం ఏముంది?

మన తాతలు కూడా చచ్చినాక వచ్చే సుఖం కోసమే మతం మారలేదు. గుత్తి, కడప దిక్కున లండన్ మిషను, ఒంగోలు దిక్కున బాప్టిస్టు మిషను పనిచేసినాయి. ఒంగోలులో జాన్ క్లౌ దొర పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మొదటి రెండూ వెట్టి మీద పడిన దెబ్బలు. ఊరి పెద్దలు మండిపడింది అందుకే. 1876-78 ధాత కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గంజి కోసం మారినారని ఎగతాళి చేసేవాళ్లకు ఒకటే జవాబు. కరువు కూలి నడిచినన్ని రోజులు క్లౌ బాప్తిస్మాలే ఇవ్వలేదు.

మరి సర్కారు? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపింది. క్రైస్తవుణ్ణి బయటే ఉంచింది. మన రాష్ట్రంలో అతను బీసీ-సి. అంటే బాప్తిస్మపు నీళ్లతో అంటరానితనం కడుక్కుపోయిందని ప్రభుత్వం నమ్మింది, ఊరు నమ్మలేదు. అందుకే బడి రిజిస్టరులో ఓబులేసు, చర్చి రిజిస్టరులో యోహాను. రెండు పేర్లతో బతికే పిల్లలకు మేం రోజూ హాజరు వేస్తున్నాం. హోదా ఇమ్మని 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ చెప్పింది, 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కొట్టేవాడు నీ మతం అడిగి కొడతాడా?

సంఘ పెద్దలారా, మేం అడిగేవి పెద్దవేం కాదు. మాలలకో గుడి, మాదిగలకో గుడి, రెడ్లకో సమాధుల దొడ్డి అనే పద్ధతి మానండి. అప్పులపాలై మందు తాగి చచ్చిన సేద్యగాడు నరకానికి పోయాడని శవం ముందర ప్రసంగించొద్దు. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు సంఘ మర్యాదలతో సమాధి లేదని 1917 కతోలిక చట్టం చెప్పింది, 1983 చట్టంలో ఆ మాటే లేదు. రోమే మారితే మీకేమి? కూలి అడిగినందుకు గేరిని వెలివేస్తే, పైకి చూసి ప్రార్థన చేసి ఊరుకోకుండా మాతో కలిసి తహశీల్దారు ఆఫీసుకు రండి.

చదివే అన్నలారా, అక్కలారా! ఈ ఆదివారం మీ సంఘంలో లూకా 16 చదివించండి. చదివినాక లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగండి: మన ఊళ్లో ఆ వాకిలి ఎవరిది?