బారసాల పీట దాకా రాని పేరు

ఆడపిల్లకు పూల పేరు పెట్టుకోవడం తెలుగువాళ్లకు పాత ముచ్చట. పద్మ, కమల, మల్లిక, పారిజాతం అంటూ ఎన్నో పేర్లు తరాలుగా ఇళ్లలో వినిపిస్తూనే ఉన్నాయి. వాటి సరసన ఉండాల్సిన మొల్ల మాత్రం బారసాల పీట దాకా రావడమే అరుదు.

మొల్ల మల్లెజాతి పువ్వు. తీగలా పాకే పొదకు చలికాలంలో తెల్లగా విరగబూస్తుంది. సంస్కృతంలో దీన్ని కుందం అంటారు. సరస్వతీదేవి తెల్లదనాన్ని వర్ణించే ప్రసిద్ధ శ్లోకంలో చంద్రుడికన్నా ముందు వచ్చే పోలిక ఈ పువ్వుదే. అందమైన పలువరుసను కవులు మొల్లమొగ్గలతో పోల్చారు.

ఈ పేరుకు సాహిత్యంలో శాశ్వత స్థానం తెచ్చిన మనిషి ఆతుకూరి మొల్ల. ఆమె కాలం 15, 16 శతాబ్దాల ప్రాంతమని పండితుల లెక్క. కుమ్మరి ఇంటి ఆడపడుచు. కడప జిల్లా బద్వేలు దగ్గరి గోపవరం ఆమె ఊరని ఎక్కువమంది చెబుతారు. తనకు శాస్త్రాలు తెలియవనీ, శ్రీకంఠ మల్లేశ్వరుడి వరంతోనే కవిత్వం అబ్బిందనీ తాను రాసిన రామాయణం అవతారికలో చెప్పుకుంది. తండ్రి కొలిచిన దేవుడు మల్లేశ్వరుడు, బిడ్డకు మల్లెజాతి పువ్వు పేరు. ఆ రెండింటికీ సంబంధం లేదనుకోవడం కష్టం.

తెలుగు కవయిత్రుల్లో తాళ్ళపాక తిమ్మక్క పేరు చివర అక్క ఉంది, తరిగొండ వెంగమాంబ పేరు చివర అంబ ఉంది. మొల్లను మొల్లమాంబ అన్నవాళ్లూ లేకపోలేదు. ఆమె మాత్రం కాండాల చివరి గద్యలో కేసనసెట్టి తనయనని చెప్పుకుని, పేరును మొల్ల అనే రాసుకుంది. ఆరు కాండల రామకథను 900 లోపు గద్యపద్యాల్లో ముగించిన కవయిత్రికి రెండక్షరాల పేరు చక్కగా అమరింది.

గౌరవానికి లోటు లేదు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది. 1970లో పద్మనాభం దర్శకత్వంలో, వాణిశ్రీ నాయికగా ‘కథానాయిక మొల్ల’ సినిమా వచ్చింది. తెలుగు చదువుకున్న పిల్లలకు ఆమె ఎవరో తెలుసు. అయినా తల్లిదండ్రులు పేరు వెతికేటప్పుడు సంస్కృత పదాల వైపే చెయ్యి చాస్తారు. మల్లిక నాజూకుగా, మొల్ల మోటుగా వినిపించడం చెవికి పడిన అలవాటే తప్ప పేరులోని లోపం కాదు.

ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే బెంగాల్లో ఇంటిపేరుగా ఉన్న మొల్లాతో కలిసిపోతుందన్న సందేహం విదేశాల్లోని తెలుగువాళ్లకు రావచ్చు. ఒకే అక్షరాల్లో రెండు భాషల పేర్లు ఇమడటం కొత్తేమీ కాదు. పిల్ల ఎవరి పేరు పెట్టుకుందో ఒక్క మాటలో చెప్పుకోగలదు. పొడుగు పేరు కావాలంటే మొల్లశ్రీ ఉంది. పుట్టబోయే పాప కోసం పేర్లు రాసుకుంటున్న ఇళ్లలో ఈసారి ఆ జాబితాలో మొల్లనూ చేర్చుకోవాలి.