గ్రౌండ్ నుంచి అసెంబ్లీకి: జైపాల్ సింగ్ ముండా మనకు చెప్పే లెక్క



ఎలక్షన్లు దగ్గర పడ్డయంటే పార్టీలకు ఆటగాళ్లు గుర్తుకొస్తరు. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడినోళ్లు, రాష్ట్రానికి మెడల్ తెచ్చినోళ్లు ఎక్కడున్నరని వెతుకుతరు. కండువా కప్పుతరు, ఫొటో దిగుతరు, ఫ్లెక్సీ కడతరు. మనోళ్లకు కూడా సంబురమే. మన పిలగాడు అసెంబ్లీకి పోతుండంటే ఎవరికి సంతోషం ఉండదు? ఆ సంతోషాన్ని నేను తప్పు పట్టను. కానీ ఓటు వేసే ముందు, ఇంకా చెప్పాలంటే ఆ పిలగాడు టికెట్ తీసుకునే ముందు, మనం ఒక లెక్క చూసుకోవాలె. ఆటలో వచ్చిన పేరు అసెంబ్లీలో దేనికి పనికొస్తది? ఎప్పుడు పనికి రాకుండా పోతది?

ఈ లెక్కను మనకంటే ముందు బతికి చూపించిన ఆదివాసీ ఒకాయన ఉన్నడు. ఆయనే జైపాల్ సింగ్ ముండా. ఆయన దగ్గరికి పోయే ముందు మన తెలుగు నేల మీద ఏం జరిగిందో చూద్దాం.

బ్యాటు పట్టినోళ్లు అసెంబ్లీ దారి పట్టినప్పుడు

నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకున్నడు, కాలేజీ రోజుల్లో క్రికెట్ ఆడిండు. 1989లో వాయల్పాడు నుంచి గెలిచి అసెంబ్లీలో అడుగుపెట్టిండు. స్పీకర్ అయిండు, 2010లో ముఖ్యమంత్రి అయిండు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఆఖరి ముఖ్యమంత్రి ఆయనే. అయితే వాయల్పాడులో ఆయనకు ఓట్లు తెచ్చింది క్రికెట్టా? ఆయన తండ్రి అమర్‌నాథ్ రెడ్డి అంతకుముందే అక్కడ ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రి. బ్యాటు కాలేజీలో పట్టిండు గానీ నియోజకవర్గం ఇంట్లోనే ఉండె.

అదే నిజాం కాలేజీలో చదివిన ఇంకొకాయన మహమ్మద్ అజారుద్దీన్. 99 టెస్టులు ఆడిండు, దేశ జట్టుకు కెప్టెన్‌గా చేసిండు. హైదరాబాద్‌లో ఆయన పేరు తెలవనోడు లేడు. 2009లో ఉత్తరప్రదేశ్ పోయి మొరాదాబాద్ నుంచి ఎంపీగా గెలిచిండు. 2023లో సొంత నగరంలో జూబ్లీహిల్స్ నుంచి ఎమ్మెల్యేకు నిలబడి ఓడిపోయిండు. 2025 అక్టోబర్‌లో ఎమ్మెల్యే కాకుండానే మంత్రి అయిండు. ఇందులో ఆయన తెలివిని నేను తక్కువ చేయట్లే. ఊరంతా ఎరిగిన పేరు ఊరంతా ఓటు కాదని మాత్రమే చెప్తున్న.

పాడి కౌశిక్ రెడ్డి హైదరాబాద్ తరఫున రంజీ ఆడినోడు. 2018లో హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ మీద ఓడిండు. 2023లో అదే హుజూరాబాద్‌లో అదే ఈటల మీద గెలిచిండు. ఈ అయిదేండ్లలో ఆయన కొత్తగా ఆడిన మ్యాచ్‌లు ఏం లేవు. పార్టీ మారింది, ఎదుటోడి పార్టీ కూడా మారింది.

ముగ్గురి కథ కలిపి చూడుర్రి. ఒకరికి ఇల్లు, ఒకరికి హైకమాండ్, ఒకరికి పార్టీల కూడికలు తీసివేతలు. ఆట అన్నది పరిచయ పత్రం లెక్క పనిచేసింది, అంతే. మరి ఇంట్లో ఎమ్మెల్యే లేనోడు, హైకమాండ్‌లో మనిషి లేనోడు, తండాలో పుట్టినోడు ఏం చెయ్యాలె?

ఒలింపిక్ కెప్టెన్ రాంచీకి తిరిగొచ్చిండు

జైపాల్ సింగ్ 1903లో ఇప్పటి జార్ఖండ్‌లోని ఖుంటి దగ్గర టక్రా అనే ముండా పల్లెలో పుట్టిండు. రాంచీ సెయింట్ పాల్స్ స్కూల్లో చదువుతుంటే మిషనరీలు ఆయన తెలివి చూసి ఇంగ్లండు తీసుకపోయిన్రు. ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చేరిండు. అక్కడ హాకీ ఆడి, ఆ యూనివర్సిటీ తన మేటి ఆటగాళ్లకు ఇచ్చే 'బ్లూ' గౌరవం అందుకున్నడు. ఆ తర్వాత ఐసీఎస్‌కు ఎంపికయ్యిండు. ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే జిల్లాకు దొర అయినట్టే.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్‌గా పిలుపొచ్చింది. ఐసీఎస్ వాళ్లు సెలవు ఇయ్యలే. ఆయన ఆడటానికే పోయిండు, ఆ కొలువు వదిలేసిండు. జట్టు ఆ ఒలింపిక్స్‌లో 29 గోల్స్ కొట్టింది, ఒక్క గోల్ కూడా ఇయ్యలే. ఫైనల్‌కు ముందే ఆయన జట్టుకు దూరమయ్యిండు, కానీ దేశానికి మొదటి హాకీ బంగారు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఒక ముండా బిడ్డ.

ఇక్కడ మన యువత గమనించాల్సింది ఒకటుంది. మెడల్ వచ్చిన తెల్లారి ఆయన ఎన్నికల్లో దిగలే. నడుమ పదేండ్లు గడిచినయ్. ఆ పదేండ్లలో కంపెనీ ఉద్యోగం చేసిండు, ఆఫ్రికాలో పాఠాలు చెప్పిండు. ఈలోపు ఛోటానాగ్‌పూర్‌లో ఆదివాసీ సంఘాలు ఒక్కటై 1938లో ఆదివాసీ మహాసభ పెట్టుకున్నయ్. 1939 జనవరిలో ఆ సభకు జైపాల్ సింగ్ అధ్యక్షుడయ్యిండు. అంటే సంఘం ముందు పుట్టింది, పేరున్న మనిషి తర్వాత వచ్చిండు. సంఘానికి ఇంగ్లీషులో ఢిల్లీతో మాట్లాడే గొంతు కావాలె. ఆయనకు నిలబడటానికి నేల కావాలె. రెండూ కలిసినయ్.

ఆ నేల మీద నిలబడ్డడు కాబట్టే రాజ్యాంగ సభలో ఆయన మాటకు బరువొచ్చింది. 1946 డిసెంబర్ 19న లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, తనను అడివి మనిషి అంటే తనకేం నామోషీ లేదన్నడు. ప్రజాస్వామ్యం ఏందో ఆదివాసీలకు మీరు నేర్పక్కర లేదు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలె అన్న అర్థంలో చెప్పిండు. 'ఆదివాసీ' అన్న పేరు కోసం పట్టుబట్టిండు. మనం ఇయ్యాల బ్యానర్ మీద రాసుకునే ఆ మాట కోసం కొట్లాడింది ఒక మాజీ హాకీ ఆటగాడు!

1950లో మహాసభ జార్ఖండ్ పార్టీ అయింది. గుర్తు కోడిపుంజు. 1952 ఎన్నికల్లో బీహార్ అసెంబ్లీలో 32 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షం అయింది. 32 మంది ఎమ్మెల్యేలు ఊరికే రాలే. ఆ ఊర్లల్ల అప్పటికే పన్నెండేండ్లకు పైగా సభలు జరిగినయ్, 'మా రాష్ట్రం మాకు కావాలె' అన్న ఒక్క డిమాండ్ ప్రతి ఇంటికీ తెలుసు.

ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన రెండో పాఠం

జైపాల్ సింగ్‌కు దండ వేసి ఆగిపోతే సగం కథే చెప్పినట్టు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం జార్ఖండ్ డిమాండ్‌ను ఒప్పుకోలే. తర్వాతి ఎన్నికల్లో సీట్లు తగ్గుకుంట వచ్చినయ్. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసిండు, బీహార్‌లో కొద్ది రోజులు మంత్రి అయ్యిండు. పార్టీలో చాలామందికి అది మింగుడుపడలే. 1970లో ఆయన పోయిండు. జార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబర్ 15న, బిర్సా ముండా పుట్టిన రోజున వచ్చింది. పార్టీ కలిపేసిన నాటి నుంచి 37 ఏండ్లు.

నా అభిప్రాయం ఇది: పార్టీ మొత్తం ఒక్క పేరు చుట్టూ తిరిగితే, ఆ ఒక్క మనిషి అలిసిపోయిన రోజు అందరి కొట్లాట ఆగిపోతది. ఆయన్ను నిలబెట్టిన సంఘానికి ఆయన్ను ఆపే బలం లేకుండా పోయింది. హాకీలో కెప్టెన్ తప్పు చేస్తే మిగతా పది మంది ఉంటరు. పార్టీలో కూడా ఆ పది మంది ఉండాలె.

మన కాలంలో రెండు ఉదాహరణలు. ఫుట్‌బాల్ కెప్టెన్ భైచుంగ్ భూటియా సిక్కింలో ఎస్టీ తెగ బిడ్డ. 2018లో సొంత పార్టీ పెట్టిండు. 2019లో ఓడిండు, 2024లో బర్ఫుంగ్‌లో ఓడిండు, ఎన్నికల రాజకీయం వద్దని పక్కకు జరిగిండు. ఇంటింటికీ తెలిసిన ఆటగాడు, కానీ అక్కడ బలమైన ప్రాంతీయ పార్టీల నడుమ ఆయన పేరు ఓటుగా మారలే. ఇంకొక పక్క రెజ్లర్ వినేష్ ఫోగట్. 2023లో ఆడపిల్లలకు న్యాయం కావాలని జంతర్ మంతర్ దగ్గర కూసుంది, పోలీసులు ఈడ్చుకపోయిన్రు. 2024లో హర్యానా జులానా నుంచి 6,015 ఓట్లతో గెలిచింది. ఆమెకు పార్టీ ఉంది, నిజమే. అయితే జనం చూసింది ఆమె మెడల్‌ను ఒక్కటే కాదు, రోడ్డు మీద కూసున్న రోజులను కూడా.

ఇగ మన మునగాల, కోదాడ సంగతి

సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే పక్కన, చెరువు కట్టల మీద తెల్లారక ముందే మన తండా పిల్లలు ఉరుకుతుంటరు. ఎందుకు? కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం. మగపిల్లలకు 1,600 మీటర్లు, ఆడపిల్లలకు 800. గురుకులాల్లో కబడ్డీ, ఖోఖో ఆడి వచ్చిన పిల్లలు కూడా ఆ ఉరుకుడులోనే కలుస్తరు. కొలువు కావాలె, తప్పు లేదు. కానీ వాళ్లల్ల ఒక్కరైనా ఈ కాళ్లతో అసెంబ్లీ దాకా పోవచ్చు అనుకుంటున్నరా?

అనుకోకపోవడానికి కారణం ఉంది. తెలంగాణలో 119 స్థానాల్లో 12 ఎస్టీలకు. ఉమ్మడి నల్లగొండలో 12 స్థానాలుంటే ఎస్టీ రిజర్వుడు దేవరకొండ ఒక్కటే. మునగాల ఉన్న కోదాడ, పక్కనున్న సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ అన్నీ జనరల్. ఈ నాలుగింట్లో తండాల ఓట్ల కోసం అన్ని పార్టీలు వస్తయ్, టికెట్ ఇచ్చే కాడ మాత్రం మనోళ్లు కనబడరు. జనరల్ సీటు అంటే మనం నిలబడొద్దని ఏ చట్టంలో ఉంది? ఎస్టీ అభ్యర్థి జనరల్ సీటులో కూడా నిలబడొచ్చు, డిపాజిట్ కూడా సగమే, పది వేలకు బదులు ఐదు వేలు. అయితే అభ్యర్థి ఖర్చు పరిమితే 40 లక్షలు. మన పిలగాడికి ఆ 40 లక్షలు ఎవరు పెడతరో, గెలిచినంక వాళ్ల మాటే వింటడు. అసలు సమస్య అక్కడుంది.

ఎస్టీ ఎమ్మెల్యే ఎవరన్నది వాళ్ల నియోజకవర్గం ఒక్కదాని ముచ్చట కాదు. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలిలో నాలుగింట మూడు వంతుల మంది అసెంబ్లీలో ఉన్న ఎస్టీ ప్రతినిధులే ఉండాలె. భూమి, చదువు, కొలువు మీద ప్రభుత్వానికి సలహా చెప్పే కుర్చీలవి. అక్కడ కూసున్నోళ్లు నోరు తెరవకపోతే నష్టం ఆదిలాబాద్ గూడెం నుంచి మఠంపల్లి తండా దాకా అందరిదీ. పైగా సభలో ఓటింగ్ వచ్చినప్పుడు పార్టీ విప్ దాటితే పదవే పోతది. కాబట్టి ఏం మాట్లాడాల్నో టికెట్ రాకముందే జనం ముందు తేలాలె.

అందుకే మాజీ ఆటగాడు ఎవరైనా కండువా వేసుకొని మన తండాకొస్తే, చప్పట్లు కొట్టినంక ఈ ప్రశ్నలు అడగాలె:

తమ్మీ, నువ్వు ఆడిన ఆట మాకు తెలుసు. ఆట మానేసినంక ఈ పదేండ్లు ఎక్కడున్నవ్? మఠంపల్లి మండలం గుర్రంబోడు తండా భూముల గొడవ 2021లో రాష్ట్రమంతా తెలిసింది, దాని మీద నీ మాట ఏంది? ఏ సంఘంలో సభ్యుడివి? నువ్వు దారి తప్పితే నిన్ను పిలిచి అడిగే పెద్దమనుషులు, యువకులు ఎవరు? నీ పార్టీ మన భూమికి వ్యతిరేకంగా పోతే దేన్ని వదులుకుంటవ్? జైపాల్ సింగ్ ఐసీఎస్ వదిలిండు, నువ్వు దేనికి సిద్ధం?

ఈ ప్రశ్నలకు జవాబున్న పిలగాడో పిల్లో దొరికితే ఇల్లు ఇల్లు తిరుగుదాం, చందాలు వేసుకుందాం. జవాబు లేకపోతే మెడల్‌కు దండం పెట్టి పంపుదాం.

ఇంకొక మాట ఆటలాడే మన పిల్లలకు. అసెంబ్లీకి 25 ఏండ్లు నిండాలె, సర్పంచ్‌కు 21 చాలు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలైనయ్. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తు ఉండదు, ఏ హైకమాండ్ టికెట్ అక్కర లేదు. మొన్న 2025 డిసెంబర్‌లో జరిగిన ఎన్నికల్లో గెలిచిన మనోళ్ల దగ్గరికి పోయి కూసోండి. గ్రామసభ ఎట్ల పెడతరో, తీర్మానం ఎట్ల రాస్తరో, బిల్లు ఎక్కడ ఆగుతదో నేర్చుకోండి.

ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్ సవరణ అమలైన రోజు ఎస్టీ స్థానాల్లో కూడా మూడింట ఒక వంతు ఆడోళ్లవే. ఆ రోజు పార్టీలు నాయకుల భార్యలను, బిడ్డలను వెతుక్కుంటయ్. 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ పుట్టిన సమాజం మనది. ఆ సీట్లకు గట్టి పిల్లలు మన దగ్గర లేరని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఆ రోజు వచ్చేలోపు వాళ్ల వెనక సంఘం ఉన్నదా లేదా అన్నది మన చేతిలో పని.

కోదాడలోనో మిర్యాలగూడలోనో మన బిడ్డ నామినేషన్ వేసే రోజు రావాలె. వేసేటప్పుడు పక్కన పార్టీ ఇన్‌చార్జి ఒక్కడే ఉంటే సాలదు, తండా తండా నుంచి మనుషులు రావాలె. దానికి ఇప్పటి నుంచే కూసొని మాట్లాడుకుందాం. మీ తండాలో, మీ గూడెంలో ఈ ముచ్చట మొదలుపెట్టుర్రి.

జోహార్ జైపాల్ సింగ్ ముండా!