కిస్తీ కడుతున్నాం, అప్పు తగ్గుతోందా?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో వ్యవసాయ కుటుంబాల స్థితిగతులపై సర్వే చేసింది. దేశం మొత్తం మీద అప్పున్న వ్యవసాయ కుటుంబాలు 50.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఒక్కో కుటుంబం నెత్తిన ఉన్న సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలు, తెలంగాణలో 1,52,113, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554. పెద్ద రాష్ట్రాల్లో రెండు లెక్కల్లోనూ ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం.

ఈ అంకెలు చూసి తెలుగువాళ్లు దుబారా మనుషులని తీర్పు చెప్పేయడం తేలిక. అది న్యాయమైన తీర్పు కాదు. ఇక్కడ బ్యాంకు శాఖలు, సహకార సంఘాలు, డ్వాక్రా గ్రూపులు పల్లెపల్లెకూ చేరాయి కాబట్టి అప్పు పుట్టడం సులువు. నాలుగు శాతం వడ్డీకి పంట రుణం తీసుకున్న రైతూ, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసిచ్చిన రైతూ ఇద్దరూ ఆ సర్వేలో అప్పున్నవాళ్లే. ఎందరికి అప్పుందన్న ప్రశ్న కన్నా, ఉన్న అప్పు ఏటికేడు తగ్గుతోందా అన్న ప్రశ్న ముఖ్యం. చాలా ఇళ్లలో దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు. కిస్తీ గడువులోగా కట్టామా అన్నది అందరికీ గుర్తుంటుంది. అసలు ఎంత తగ్గిందో చెప్పే పద్దు మాత్రం ఎక్కడా ఉండదు.

వసూళ్లు బాగున్నా ఇళ్లు కుంగిన కాలం

కిస్తీ కట్టడానికీ అప్పు తగ్గడానికీ ఎంత దూరమో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. అప్పటిదాకా ఇక్కడి సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు నూటికి నూరు శాతానికి దగ్గరగా ఉండేవి. అదే పెట్టుబడిదారులకు చూపించే గొప్ప. ఒక సంస్థ వారం కిస్తీని మరో సంస్థ దగ్గర తెచ్చిన అప్పుతో కడుతున్నారని ఆ పట్టికల్లో కనిపించలేదు. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత వసూళ్లు పది శాతం స్థాయికి పడిపోయాయి. ఏ సంస్థ పుస్తకం ఆ సంస్థకు సరిగ్గానే ఉంది. అన్ని సంస్థల అప్పులూ ఒకచోట కనిపించాల్సిన పుస్తకం ఒక్కటే, అది ఇంటి పుస్తకం. అది లేదు.

ఈ లోటుకు మూలాలు మన పొదుపు చరిత్రలోనే ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలిచాక, రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు అదే నేల మీద పెరిగాయి. సంతకం కూడా రాని ఆడవాళ్లు తీర్మానాల పుస్తకం, పొదుపు పుస్తకం నడపడం నేర్చుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో బ్యాంకు లింకేజీ రుణాలు వచ్చాయి, మొత్తాలు పెరిగాయి. సంఘం పుస్తకం సభ్యురాలి కిస్తీ వచ్చిందా లేదా అన్నది చూస్తుంది. ఆ కిస్తీ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చావమ్మా అని అడగదు. భర్త రాసిన ప్రోనోటు, కొడుకు ఫోన్ ఈఎంఐ, కుదువలో ఉన్న గొలుసు ఆ పుస్తకంలోకి రావు. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు అప్పులుంటాయి. మొత్తం ఎంతో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

అన్నీ ఒకే కొలతలో

అందుకే అప్పు తీర్చడం ఒక కాగితంతో మొదలవ్వాలి. ఎవరికి, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఇంకా ఎన్ని నెలలు అన్నవి ఇంట్లో అందరూ కూర్చుని ఒకచోట రాయాలి. రాసేటప్పుడు వడ్డీలన్నిటినీ ఒకే కొలతలోకి మార్చాలి. బ్యాంకు ఏడాదికి శాతంలో చెబుతుంది, ఊళ్లో నెలకు నూటికి ఇన్ని రూపాయలంటారు, ఫైనాన్సు కంపెనీ ఫ్లాట్ రేటంటుంది. మనవాళ్లకు బాగా తెలిసిన కొలత రూపాయి వడ్డీయే కాబట్టి అన్నిటినీ అందులోకి తెద్దాం.

ఏడాదికి పన్నెండు శాతమంటే రూపాయి వడ్డీ. గడువులోగా తీర్చే పంట రుణం మూడు లక్షల వరకు నాలుగు శాతం, అంటే ముప్పై మూడు పైసలు. మహిళా సంఘాలకు మూడు లక్షల వరకు ఏడు శాతానికి వచ్చే బ్యాంకు రుణం అరవై పైసల లోపు. పది శాతం ఫ్లాట్ రేటుతో మూడేళ్లకు ఇచ్చే బండి రుణం చూడటానికి చవక. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీని మాత్రం మొదటి మొత్తం మీదే లెక్కకడతారు కాబట్టి నిజంగా పడేది ఏడాదికి దాదాపు పద్దెనిమిది శాతం, అంటే రూపాయిన్నర. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం సర్వసాధారణం. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది. ఏసీ గదిలో సంతకం పెట్టించుకున్న కార్డు, ఊళ్లో అందరూ తిట్టుకునే మూడు రూపాయల వడ్డీవ్యాపారి కన్నా ఖరీదని ఆ కాగితం మీద తేలుతుంది. పక్కనే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే అదీ రాయాలి. దాని మీద వచ్చేది అర్ధ రూపాయికి కాస్త పైన. అర్ధ రూపాయి రాబడి కోసం డబ్బు దాచి మూడు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లు మన చుట్టూ తక్కువేం లేవు.

ప్రోనోటుతో ఇంకో చిక్కుంది. దాని చట్టబద్ధమైన గడువు మూడేళ్లు. గడువు దాటకుండా ఇచ్చినవాళ్లు నోటు తిరగరాయిస్తారు. కట్టని వడ్డీని అప్పుడు అసలులో కలిపేస్తారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష మూడేళ్ల తర్వాత 1,72,000 నోటవుతుంది. మరో మూడేళ్లకు అది 2,95,840. కొత్తగా పైసా తీసుకోకుండానే ఆరేళ్లలో అప్పు దాదాపు మూడింతలు.

ఒక ఇంటి లెక్క

లెక్క కోసం పట్నంలో ఉంటూ నెలకు 45,000 సంపాదించే ఒక కుటుంబాన్ని అనుకుందాం. కార్డు బాకీ 60,000. మూడు రూపాయల వడ్డీకి లక్ష నోటు. రూపాయి వడ్డీకి బంగారం మీద లక్షన్నర. పది శాతం ఫ్లాట్ మీద కొత్తగా తీసుకున్న లక్ష బండి రుణం. నెలనెలా వీళ్లు కట్టేది కార్డుకు కనీస మొత్తం 3,000, నోటుకు వడ్డీ 3,000, బంగారానికి వడ్డీ 1,500, బండికి 3,600. మొత్తం 11,100. ఒక్క కిస్తీ కూడా తప్పడం లేదు. కానీ మొదటి నెల కట్టిన దాంట్లో అసలుకు చేరేది దాదాపు 2,600 మాత్రమే, అదీ చాలావరకు బండి రుణంలోకి. కార్డుకు కట్టిన 3,000లో వడ్డీ, జీఎస్టీ కలిపి 2,478 పోతే అసలు తగ్గేది 522. ఇలాగే మూడేళ్లు కడితే దాదాపు నాలుగు లక్షలు చేజారుతాయి. నోటు, బంగారం మీది రెండున్నర లక్షల అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఇదే ఇల్లు నెలకు 5,000 అదనంగా తీయగలిగిందనుకుందాం. మొదటి రెండు నెలలు ఆ డబ్బు అప్పులకు వేయకూడదు. పదివేలు విడిగా ఖాతాలో ఉంచాలి. జ్వరమొచ్చినా బండి ఆగినా మళ్లీ మూడు రూపాయల గుమ్మం తొక్కకుండా ఆపేది ఆ పదివేలే. మూడో నెల నుంచి అదనపు 5,000, పాత 3,000 కలిపి కార్డుకు కట్టాలి, కార్డు గీకడం పూర్తిగా ఆపాలి. పది నెలల్లోపు కార్డు తీరుతుంది. అప్పుడు ఆ 8,000, నోటు వడ్డీ 3,000 కలిపి 11,000 చొప్పున నోటు మీదికి మళ్లిస్తే పదకొండు నెలల్లో అదీ తీరుతుంది. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, చివర్లో నోటే వెనక్కి తీసుకోవాలి. ఆ తర్వాత నెలకు 12,500 చొప్పున పదమూడు నెలలు కడితే బంగారం ఇంటికొస్తుంది. బండి రుణం ఎలాగూ ముప్పై ఆరో నెలలో ముగుస్తుంది. మూడేళ్లలో అదనంగా పెట్టింది 1,80,000. విముక్తి దొరికింది రెండున్నర లక్షల అసలు నుంచీ, కార్డు నుంచీ. పెట్టినదానికీ దీనికీ ఉన్న తేడా, కట్టకుండా తప్పించుకున్న వడ్డీయే.

తీరిన అప్పు కిస్తీని ఇంటి ఖర్చులో కలవనివ్వకుండా తర్వాతి అప్పు మీదికి పంపడమే ఇందులోని కిటుకు. కొందరు ముందు చిన్న అప్పు తీరిస్తే ఉత్సాహం వస్తుందంటారు. ఉత్సాహం అవసరమే. అయితే మూడు నాలుగు రూపాయల వడ్డీ నడిచేచోట వరసను వడ్డీయే నిర్ణయించాలి. సంఘం రుణం దొరికితే లక్ష నోటును దాంతో మూసేయడం ఇంకా మేలు. నెలకు 3,000 వడ్డీ పోయేచోట ఆరు వందల లోపు పోతుంది. ఆ డబ్బు మధ్యలో మరో దారి పడితే మాత్రం ఒక అప్పు స్థానంలో రెండు మిగులుతాయి.

నెల బడ్జెట్‌కు అందని జూన్

ఆ 5,000 ఎక్కడి నుంచి వస్తుంది? టీ మానేయండి, సినిమా మానేయండి అనే సలహాలు విసుగు తెప్పిస్తాయి, పెద్దగా మిగిల్చవు. మన ఇళ్ల బడ్జెట్‌ను విరిచేవి ఏడాదికోసారి ఒక్కసారిగా వచ్చిపడే ఖర్చులు. జూన్‌లో బడులు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం. అదే జూన్‌లో వానాకాలం సాగుకు విత్తనాలు, ఎరువులు. తర్వాత దసరా బట్టలు, బతుకమ్మ చీరలు, సంక్రాంతికి ఇంటికొచ్చే కూతురూ అల్లుడూ, శ్రావణ మాఘాల పెళ్లిళ్లలో చదివింపులు. ఇవేవీ అనుకోని ఖర్చులు కావు, తేదీలతో సహా ముందే తెలుసు. అయినా ప్రతి ఏడూ అప్పుతోనే గట్టెక్కుతాం. మనం అనుకున్న కుటుంబానికి ఇవి ఏడాదికి 48,000 అయితే నెలకు 4,000 పక్కన పెట్టాలి. అప్పులకు 16,100, దీనికి 4,000 పోగా 24,900తో నెల గడవాలి. కష్టమే. ఫంక్షన్ హాలు స్థాయి తగ్గించుకోవడం, ఫోన్ మరో రెండేళ్లు వాడటం, ఎత్తిన చిట్టీ డబ్బును నగలకు కాకుండా నోటుకు కట్టడం లాంటి పెద్ద నిర్ణయాలు లేకుండా అది కుదరదు.

రైతు ఇంట్లో లెక్క తిరగబడుతుంది. ఆదాయం ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది. ధాన్యమో పత్తో అమ్మిన రోజే ఆ డబ్బును నెలల చొప్పున విడగొట్టుకోవాలి. గడువు దాటితే పంట రుణంపై మూడు శాతం రాయితీ పోతుంది కాబట్టి అది తేదీ దాటకూడదు.

పద్దు ఒక్కటే సరిపోదు

ఖర్చు కన్నా ఆదాయమే తక్కువైన ఇంటికి బడ్జెట్ మంత్రం పనిచేయదు. కౌలు రైతుకు పట్టా లేదు కాబట్టి బ్యాంకు తలుపు సరిగా తెరుచుకోదు. ఎరువుల కొట్టు ఖాతాయే అతని బ్యాంకు, పంట కూడా ఆ కొట్టుకే పోతుంది. అతనికి పొదుపు గురించి ఉపన్యాసం అవమానం, కావలసింది కౌలు గుర్తింపు కార్డు మీద నిజంగా చేతికందే రుణం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ఇళ్లను ఆసుపత్రి అప్పు నుంచి కాపాడింది. కానీ ఆసుపత్రి బయట మందులకు, పరీక్షలకు అయ్యే ఖర్చు చాలావరకు దాని పరిధిలోకి రాదు.

రుణగ్రహీతకు కొన్ని హక్కులూ వచ్చాయి, వాడుకోవాలి. ఫ్లోటింగ్ రేటు గృహరుణాన్ని ముందే తీర్చితే జరిమానా లేదు. సూక్ష్మరుణానికీ అంతే. 2022 నుంచి సూక్ష్మరుణం ఇచ్చే సంస్థ, కుటుంబం నెలవారీ కిస్తీలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకుండా చూడాలి. 2024 అక్టోబరు నుంచి కొత్త రిటైల్ రుణాలకు అన్ని చార్జీలూ కలిపిన వార్షిక రేటుతో కీలక వివరాల పత్రం ఇవ్వాలి. ఫ్లాట్ రేటు మాయ ఆ పత్రంలో బయటపడుతుంది. అడిగి తీసుకుని, అర్థం కాకపోతే సంతకం పెట్టకూడదు.

సంఘాలకు పుస్తకాలు నేర్పిన యంత్రాంగం రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఉంది. నెల సమావేశంలో కిస్తీ వసూలుతో పాటు, ఇష్టపడిన సభ్యురాలి ఇంటి అప్పుల పట్టిక ఒకటి తయారు చేయించి, మూడు రూపాయల అప్పును సంఘం రుణంలోకి మార్చే పని ప్రభుత్వాలు దానికి అప్పగించాలి. కొత్త రుణం ఎంత ఇచ్చామన్న గొప్ప కన్నా, సభ్యుల ఇళ్లలో మొత్తం అప్పు ఎంత తగ్గిందన్నది సంఘం విజయానికి కొలత కావాలి. ప్రభుత్వం కదిలేదాకా ఆగాల్సిన పని పాఠకులకు లేదు. వచ్చే ఒకటో తారీఖున జీతం ఖాతాలో పడగానే ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. చివరి గడిలో ఈ నెల అసలు ఎంత తగ్గిందో రాయండి. ఆ గడి సున్నా అయిన ప్రతి నెలా మీరు అప్పు తీర్చడం లేదు, దానికి అద్దె కడుతున్నారు.