గాలమునకు చిక్కిన పుండు చేప

చలికాలము ప్రవేశించి చెఱువులలోని నీరు చల్లబడినప్పుడు గాలము వేయువారికి అప్పుడప్పుడొక దీనమైన చేప చిక్కుచుండును. అది కొరమీనో, మట్టగిడసో, పరిగయో అగును. పైకి లాగునప్పుడు అది తగినంత పెనుగులాడదు. ఒడ్డున వేసి చూడగా దాని ప్రక్కను గాని తోక మొదట గాని ఎఱ్ఱని మచ్చయో, పొలుసులూడి మాంసము కనబడు లోతైన పుండో యుండును. అట్టి చేపను పట్టినవాడు దానినేమి చేయవలెను? ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని మన పాఠశాలకు కొల్లేటి యంచు గ్రామములనుండి వచ్చు బాలురు పలువురు గలరు; సెలవు దినమున గాలము పట్టని బాలుడు మన తరగతులలో అరుదు. కాబట్టి దీనిని గుఱించి మా యభిప్రాయమును ఈ సంచికలో తెలుప సాహసించితిమి.

సాధారణముగా జరుగునది రెండు విధములు. అసహ్యపడినవాడు “పోనిమ్ము” అని దానిని మరల నీటిలోనికి విసరివేయును. ఆశపడినవాడు పుండు మేర కోసివేసి, మిగిలిన ముక్కను తక్కువ ధరకు ఏ బీద యింటనో అమ్మివేయును. ఈ రెండును తప్పులే యని మా నిశ్చితాభిప్రాయము. అందు మొదటిది తప్పని ఎవరికిని తోచకుండుట వలన అదియే ఎక్కువ హాని చేయుచున్నది.

ఈ రోగమేమో కొంచెము విచారింతము. దీనిని మనవారు ఎఱ్ఱమచ్చల రోగమందురు. దీనికి మూలము అఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అను బూజు వంటి సూక్ష్మజీవి. అది రోగపు చేప పుండునుండి కంటికి కానరాని బీజములను నీటిలోనికి వదలును. ఆ బీజములు ఈదగలవు. చర్మము చెడిన చేప ఏదైన దొరికినచో దాని నంటుకొని, చర్మమును దాటి, దారముల వలె కండలోనికి చొచ్చుకొనిపోవును. అందుచేతనే ఆ పుండు పైపైన గాక అంత లోతుగా నుండును. పెద్ద వానల వెనుక నీటి గుణము మారి పులుపెక్కినప్పుడును, పేను కఱచినప్పుడును, వల యొరసినప్పుడును చేప చర్మము చెడును. పేను అనగానేమో చేపల చెఱువులు గలవారి పిల్లలకు మేము చెప్పనక్కఱలేదు. నీరు చల్లబడిన కొలది చేప దేహము శత్రువు నెదిరించు శక్తి తగ్గును. ఆ బూజు శక్తి తగ్గదు. వర్షర్తువు కడచిన పిమ్మట ఈ పుండ్లు కనబడుటకు ఇదియే హేతువు.

ఈ రోగము మన దేశమున పుట్టినది కాదు. 1971లో జపానులోను, 1972లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నదులలోను మొదట కనబడి, ఆగ్నేయాసియా దేశములన్నిటను తిరిగి, 1988లో బంగ్లాదేశమునకును, ఆ సంవత్సరమే మన యీశాన్య రాష్ట్రములకును వచ్చెను. కొలది యేండ్లలోనే దక్షిణదేశపు నీళ్ల వఱకు దిగి, 1991లో కేరళములోని వేంబనాడు సరస్సు ప్రాంతమును పట్టుకొనెను. 2006–07లో ఆఫ్రికాలోని జాంబెజీ నదీ ప్రాంతమునను బయలుపడెను. నూరు జాతులకు పైగా చేపలకు ఇది సోకునని తెలిసినది. కొరమీను జాతివి, పరిగలు, బొమ్మిడాయిలు దీనికి త్వరగా లొంగును. బంగారుతీగ, తిలాపియా చాల వఱకు తట్టుకొనును. సముద్రములను కొండలను దాటి ఇది ఇంత దూరమెట్లు వచ్చెను? బ్రతికియున్న చేపలను ఒకచోటినుండి వేఱొకచోటికి మనుష్యులు తరలించుటయే ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు తలంతురు. అనగా ఏ ఓడలోనో పోయిన చేపల తొట్టి చేసిన పనినే, ఒక చెఱువులో పట్టిన చేపను బుట్టలో వేసికొనిపోయి మఱియొక చెఱువులో వదలు కుఱ్ఱవాడును చేయుచున్నాడు.

ఇక కొల్లేటి సంగతి. చేపల చెఱువునకు యజమాని యుండును. నీరు చెడినచో అతడు సున్నము చల్లించును, మందు వేయించును. భువనేశ్వరమునొద్దనున్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థవారు ఈ పుండ్ల కొఱకే సిఫాక్స్ అను మందును సిద్ధపఱచిరి. కాని కృష్ణా గోదావరుల నడుమ పరచుకొని, బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్ల నీటిని పుచ్చుకొని, ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు విడుచు కొల్లేటిలో సున్నమెవరు చల్లగలరు? ఎన్ని బండ్ల సున్నము చాలును? 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కిన ఆ సరస్సులో రోగము ప్రబలిన పిమ్మట చేయగలది బహు స్వల్పము. ప్రబలక ముందు చూడగలవాడు ఒడ్డున కూర్చుండి గాలము వేయువాడే. అధికారి ఏటికొక పర్యాయము వచ్చును. వీడు ప్రతిదినము వచ్చును.

అట్లయిన వాడు చేయవలసినదేమి? చేపను నీటిలో పాఱవేయరాదు. గాలమునకు ఎఱగా గ్రుచ్చరాదు. వేఱొక చెఱువునకు కొనిపోరాదు. ఏ జాతి చేపయో, ఏ రేవున, ఏ దినమున చిక్కెనో వ్రాసికొని, వీలైనచో ఛాయాచిత్రము తీసి, మత్స్యశాఖవారికి తెలుపవలెను. వారు పరీక్షకు కోరనిచో నీటికి దూరముగా లోతైన గోతిలో సున్నము వేసి పూడ్చవలెను. గాలమును వలను ఎండలో బాగుగ ఆరనిచ్చి గాని వేఱొక నీట ముంచరాదు. ఇంట చేతిఫోను గలవారు 2023లో కేంద్ర ప్రభుత్వమువారు వెలువరించిన ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ అను యాప్ ద్వారా కూడ తెలుపవచ్చును.

ఇచ్చట తల్లిదండ్రులు ఒక ఆక్షేపణ చేయుదురని మేమెఱుగుదుము. “మీ పిల్లవాడు చేపకు పుండున్నదని కాగితము పెట్టును, మఱునాడు సంతలో కొల్లేటి చేపను ముట్టువాడుండడు, జాలరి పిల్లలు పస్తుందురు” అని వారనవచ్చును. ఈ మాట త్రోసివేయదగినది కాదు. 1988లో రోగము వచ్చినచోట్ల ఇట్లే జరిగినది. పుండ్లుగల చేపలతోపాటు మంచి చేపలను సైతము జనులు కొనక మానివేసిరి. రోగము చంపిన చేపలకంటె భయము చెఱచిన బేరము జాలరులను ఎక్కువగా బాధించినచోట్లు గలవు. అయినను ఆ భయమునకు ఆధారమెంత? ఈ బూజు మనుష్యునకు సోకదు. పుండులో తరువాత చేరు ఇతర సూక్ష్మజీవులు చేతి గాయములకు కీడు చేయవచ్చును గనుక పుండుగల చేపను తినక విడుచుట, ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనుట న్యాయము. పుండులేని మంచి చేపను బాగుగా వండి తినుటకు సందేహమేల?

కాబట్టి దాచిపెట్టుట జాలరికి మేలుచేయునను మాటను మేమంగీకరింపము. దాచిన పుండు సంతలో తానే బయటపడును. అప్పుడు వదంతి ఆరంభమగును, దానికి బదులు చెప్పువాడుండడు. అయితే నిజము చెప్పినందులకు కలుగు నష్టమును బీద జాలరి యొక్కడే మోయుటయు న్యాయము కాదు. ఈ విషయమున మత్స్యశాఖవారి బాధ్యత బాలుర బాధ్యతకంటె పెద్దది. వర్తమానమందిన కొలది దినములలోనే వారు చేపను పరీక్షింపవలెను. ఫలితమును కార్యాలయపు బల్లమీద నుంచక, ఏ జాతికి రోగమున్నదో, ఏ చేప తినదగినదో గ్రామములలోను సంతలోను దండోరా వేయించి తెలుపవలెను. ఇది జరుగనిచోట బాలుడు వ్రాసిన కాగితమును తండ్రి చింపివేసినచో మేమాతనిని గట్టిగా నిందింపజాలము.

ప్రసంగవశమున ఒక మాట. వేసవిలో ఒక తెల్లవాఱుజామున చెఱువులోని చేపలన్నియు ఒక్కసారి తేలినచో అది సాధారణముగా ఈ రోగము కాదు. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తఱిగిపోవుటయో, ఏదైన విషము కలియుటయో అచ్చట విచారింపవలసియుండును. పుండ్ల రోగము మెల్లగా, ఒక్కొక్క చేపను పట్టుచు వచ్చును. ఈ భేదమెఱుగనివారు మురుగునీరు వదలినవాని తప్పును రోగముమీదికి త్రోయుటకు తెలియకయే తోడ్పడుదురు.

మన ప్రకృతిశాస్త్రపు తరగతిలో కప్పనుగుఱించి, సీతాకోకచిలుకనుగుఱించి చెప్పుచున్నాము. వచ్చు కార్తీకమునుండి మాఘము వఱకు, రేవువారీగా, కొల్లేటి గ్రామముల బాలురు చూచిన చేపల లెక్కను వ్రాయుటకు ఒక పుస్తకమును తరగతి గదిలో నుంచవలెనని మా కోరిక. పుండులేని దినములను సైతము అందులో వ్రాయవలెను. ఏలయన సంతలో వదంతి లేచిన దినమున జాలరికి ఉపకరించు పుట అదియే.