గీత మనది, అచ్చు వాళ్లది

మన అమ్మలు గోడకి ఎర్రమట్టి పూసి సున్నంతో వేసే మూడుమూలల గీతల్ని కొందరు "చదువురాని పని" అంటరు. నేను ఒప్పుకోను.

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి శిల్పి. పారిస్‌లో హేటర్ నడిపిన అచ్చు వర్క్‌షాపులో చేరి తోటివాళ్లతో కలిసి పనిచేశారు. లోహపు రేకును శిల్పంలాగ ఎక్కువతక్కువ లోతుల్లో చెక్కి, పల్చటి రంగు, చిక్కటి రంగు వేర్వేరు రోలర్లతో పూసి, ఒక్క రేకు మీంచే అన్ని రంగులూ తెప్పించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

మట్టెవాడలో పెళ్లికార్డుల స్క్రీన్ ప్రింటింగు పనాయన రంగుకొక స్క్రీను పెడతడు. గీత మనకొచ్చు, అచ్చు ఆయనకొచ్చు. ఇద్దరం కలిస్తే గోడమీది ఒక్క ముగ్గు వంద కాగితాలమీదికి ఎక్కుతది. పదో తరగతి తర్వాత చేతిలో ఒక పనీ ఉంటది.

వార్డెన్ మేడమ్, ఒక్క ఆదివారం ఆయన్ని హాస్టల్‌కి పిలిపించండి. గీతలు మేం తెస్తం.