వెనక సీటు ఫిక్ర్ ఎవరికి?

నెలన్నర దాటినా మా ఆపా ఎడమ చేత్తో నీళ్ల బిందె ఎత్తలేకపోతోంది. హస్లీ ఎముక విరిగింది. భుజానికి కట్టిన బెల్టు పోయినవారమే తీశారు. పడింది పెద్ద వేగంలో కాదు. కర్నూలు నుంచి నంద్యాల వలీమాకు కొడుకు బండి మీద వెళ్తోంది. ఊరి బయట స్పీడ్ బ్రేకర్ దగ్గర వాడు బ్రేకేసి మళ్లీ కదిలించాడు. ఆ కదలికలోనే బుర్ఖా అంచు వెనక చక్రం పుల్లల్లోకి పోయింది. ఆపా ఒక పక్కకు, బండి ఒక పక్కకు పడ్డాయి. వెనకాల లారీ లేదు కాబట్టి ఈ రోజు ఇలా కూర్చుని రాస్తున్నాను. అల్‌హమ్దులిల్లాహ్.

బండి కొత్తది. హిమాలయన్ 450. నా భాంజా ఈఎంఐ మీద కొన్నాడు, తన్‌ఖాలో మూడో వంతు దానికే పోతోంది. కొన్న మూడు నెలల్లో మరో 60 వేలు పెట్టి దాన్ని 'అప్‌గ్రేడ్' చేశాడు. ముందు రెండు ఫాగ్ లైట్లు, పొడుగాటి విండ్‌స్క్రీన్, చెవులు చిల్లులు పడే సైలెన్సర్, హ్యాండిల్ మీద ఫోన్ పెట్టుకునే స్టాండు, ఇరుపక్కలా పెట్టెలు తగిలించే ర్యాకు. ఆ ర్యాకు బిగించడానికి అడ్డం వచ్చిందని షాపువాళ్లు చీర గార్డు ఊడదీశారు. ఊడదీసిన గార్డు ఇంట్లో మంచం కింద దొరికింది.

ఆస్పత్రి బయట చాయ్ తాగుతుంటే వాడే అన్నాడు. "మామూ, అడ్వెంచర్ బైక్‌కు వో గార్డ్ అచ్ఛా నై దిస్తా." నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. వాడికి బండ్ల షౌక్ అంటించింది నేనే మరి.

నాది 2017 నాటి పాత హిమాలయన్ 411. 24.5 హార్స్‌పవర్, ఏబీఎస్ లేదు. వాడిది 452 సీసీ, దాదాపు 40 హార్స్‌పవర్, ఏబీఎస్ ఉంది, ఇంజన్ చల్లబడటానికి ముందు రేడియేటర్ ఉంది. రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 17. ఎత్తుగా నిలబడే సవారీలు. నల్లమల ఘాట్ దారిలో రెండూ బాగానే నడుస్తాయి. మా ఇంట్లో ఈ రెండు బండ్ల మీదా మగవాడొక్కడే వెళ్లే రోజులు తక్కువ. వెనక బీవీ ఉంటుంది, అమ్మీ ఉంటుంది, మధ్యలో ఒక పిల్ల ఉంటుంది. కాని అప్‌గ్రేడ్ ఖర్చు చూడండి, అంతా హ్యాండిల్ దగ్గరే ఆగిపోతుంది. వెనక సీటుకు పైసా రాదు. నా ఫిర్యాదు ఇదే. మన ఇళ్లలో అడ్వెంచర్ బైక్ అప్‌గ్రేడ్ వెనక కూర్చునే మనిషి నుంచి మొదలవ్వాలి. తర్వాత నేలను తాకే టైర్లు. లైట్లూ నుమాయిష్ సామానూ డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.

చీర గార్డు సంగతి ముందు తేల్చేద్దాం. అది కంపెనీవాళ్లు దయతలచి ఇచ్చింది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 123వ రూల్ దాని గురించే. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని రాసి ఉంది. పేరుకే చీర గార్డు. మన ఇళ్లలో అది బుర్ఖా గార్డు, దుపట్టా గార్డు, చాదర్ గార్డు. పెట్టెల ర్యాకు కావాలంటే గార్డును ఉంచి బిగించే ర్యాకు దొరికేదాకా సబ్ర్ చేయండి. దొరక్కపోతే ర్యాకుకే ఇనుప జాలీ వెల్డింగ్ చేయించండి. మా ఉస్తాద్ భాంజా బండికి అదే చేశాడు. గంటన్నర పని. చూడటానికి కూడా ఏం చెడ్డగా లేదు.

లిబాస్ మార్చుకోమని నేను ఎవరికీ చెప్పడం లేదు. లిబాస్ ఏదైనా దాని అంచు చక్రానికీ చైనుకూ అందకూడదు, అంతే. ఇలాంటి ఎత్తు బండి మీద ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చోవడం కూడా ఖతర్నాకే. గుంటలో పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బరువంతా ఒక వైపే. రెండు వైపులా కాళ్లు వేసి, బుర్ఖా అంచు తొడల కింద నొక్కి కూర్చోవడం మా బీవీకి మొదట్లో మొహమాటంగా ఉండేది. ఒక్క శ్రీశైలం సఫర్‌తో ఆ మొహమాటం పోయింది. 450కి సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, పైకి పెడితే 845. అది నడిపేవాడి సీటు. వెనకది ఇంకా ఎత్తు. యాభై దాటిన ఆడమనిషి ఎక్కాలంటే బండి స్టాండు మీద కాకుండా మీ రెండు కాళ్ల మధ్య నిలిచి ఉండాలి, పిడి గట్టిగా ఉండాలి. వెనక ఆనుకోవడానికి చిన్న బ్యాక్‌రెస్టు బిగిస్తే ఫాగ్ లైట్ల కన్నా వెయ్యిరెట్లు దువా దొరుకుతుంది.

హెల్మెట్ మాట చెప్పకపోతే ఈ వ్యాసం బేకార్. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నడిపేవాళ్లకూ వెనక కూర్చున్నవాళ్లకూ, హెల్మెట్ ఉండాలి. మినహాయింపు తలపాగా ధరించే సిక్కులకే. బుర్ఖాకు మినహాయింపు లేదు. చట్టం సరే, రోడ్డు ఇవ్వదు మినహాయింపు. మన ఆడవాళ్లు పెట్టుకోకపోవడానికి అస్లీ కారణం సైజు. షాపులో మగవాడు వెళ్లి మీడియం తెస్తాడు, హిజాబ్ మీద అది దిగదు, ఇంట్లో అల్మారా ఎక్కుతుంది. కాబట్టి ఆమెను తీసుకెళ్లండి. రోజూ కట్టుకునే స్కార్ఫ్‌తోనే పెట్టి చూడండి. లోపల పల్చటి కాటన్ స్కార్ఫ్ ఉండాలి, తల మీద పిన్నులూ జడ ముడీ ఉండకూడదు. గట్టిగా కుదరాలి, నొప్పి పెట్టకూడదు. ఐఎస్ఐ ముద్ర, దాని కింద ఐఎస్ 4151 అన్న అంకె చూసుకోండి. నాలుగేళ్లలోపు పిల్లలకైతే నడిపే మనిషికి కట్టే సేఫ్టీ బెల్టూ, చిన్న హెల్మెట్టూ ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2022లో రూల్ వచ్చింది. ఆ చిన్న హెల్మెట్ కొన్న ఇల్లు నా ఎరుకలో ఒకటీ లేదు. మా ఇల్లూ అందులోనే లెక్క.

ఇక బండి. పాత బండి ఉన్నవాళ్లు ముందు టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు బాగానే కనిపిస్తున్నా రబ్బరు ఎండి రాయిలా అయిన టైరు తడిలో పట్టదు. నా 411కు పెట్టిన డబ్బులో మంచి ఖర్చు ఏదంటే కొత్త టైర్లే అంటాను. రెండో మంచి ఖర్చు బ్రేక్ ఆయిల్. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ దిగుతూ బ్రేకు నొక్కినకొద్దీ లివర్ మెత్తగా లోపలికి పోతుందంటే అదే. రెండేళ్లకోసారి మార్చాలి. ఏబీఎస్ లేని నాలాంటి బండికి ఇది ఇంకా జరూరీ. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడ్డ ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. పాతదానికి అది తగిలించడం అయ్యే పని కాదు. ఉన్న బ్రేకులే తాజాగా ఉంచుకోవాలి. హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగుతోందంటే కోన్‌సెట్ పోయినట్టు. దానితో నడపకండి.

కొత్త బండికి బాధలు వేరు. 450కి రేడియేటర్ ముందే ఉంటుంది, ముందు చక్రం లేపిన గులకరాయి దానికి చిల్లు పెట్టగలదు. చిన్న జాలీ చాలు. ఇంజన్ కింద రేకు, పక్కన క్రాష్ గార్డు, లివర్లు విరగకుండా హ్యాండ్ గార్డులు దండగ ఖర్చు కాదు. ఈ బండి 2023లో వచ్చినప్పుడు ట్యూబు టైర్లతోనే వచ్చింది. పుల్లల చక్రాలకు ట్యూబ్‌లెస్ 2024లో వచ్చింది. కుటుంబంతో వెళ్లేవాడికి అది నిజమైన అప్‌గ్రేడ్. ట్యూబు పంక్చర్ అయితే చక్రం విప్పాలి, ట్యూబ్‌లెస్‌కు బత్తి పెట్టి గాలి కొడితే బయల్దేరవచ్చు. అడవి దారిలో, పొద్దుగూకే వేళ, పక్కన ఆడవాళ్లతో చక్రం విప్పిన తజుర్బా నాకుంది.

పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఒకటుంది, దాన్ని ఎవరూ చేయరు. వెనక షాక్ స్ప్రింగ్ బిగింపు. ఇద్దరూ సామానూ ఎక్కితే వెనక భాగం కూర్చుండిపోతుంది, ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది. ఎదురొచ్చేవాడి కళ్లు పోతాయి, మనకు గుంట కనపడదు. లైటు చాలడం లేదని కుర్రాళ్లు ఫాగ్ లైట్లు కొనేది సగం ఇందుకే! స్ప్రింగ్ రెండు మూడు మెట్లు బిగించి, లైటు కిందికి దించి చూడండి. అయినా లైట్లు కావాలంటే సరే, ఫ్యూజూ రిలే పెట్టించి వైరింగ్ చేయించండి, హెడ్‌లైట్ వైరును కోసి కలిపితే కాలిపోతుంది. సామాను కూడా సీటు వెనక ఎత్తుగా పేర్చకండి, కిందకూ ముందుకూ ఉండాలి. నాది పాత మనిషి అలవాటు, పాత క్లచ్ వైరు పక్కనే కొత్త వైరు ఒకటి టేపుతో కట్టి ఉంచుతాను. తెగితే పది నిమిషాల పని.

సైలెన్సర్ గురించి భాంజాతో గొడవ పెట్టుకున్నాను. అది ఇస్రాఫ్, పైగా జుల్మ్. గల్లీలో బీమార్లు ఉంటారు, పాల పిల్లలు ఉంటారు. చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా మార్చకూడదంటుంది. రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఆ మార్పే అడ్డం పడవచ్చు. వాడు వాదించలేదు. పోయిన ఇత్వార్ వచ్చి పాత సైలెన్సర్ తిరిగి బిగించుకున్నాడు, ఆ ఖరీదైనదాన్ని ఎవరికో సగం ధరకు అమ్మాడు. ఆ డబ్బుతో తల్లికి హెల్మెట్ కొంటానన్నాడు. ముగ్గురం షాపుకు వెళ్లాం. ఆపా స్కార్ఫ్‌తో పెట్టుకుంటే మీడియం పట్టలేదు, లార్జ్ సరిపోయింది.

వచ్చే నెల అదే నంద్యాలకు అఖీఖా ఉంది. బండి మీద వస్తావా అని భాంజా అడిగితే ఆపా హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసింది. "అభీ నక్కో బేటా, మైఁ బస్సులో ఆతూఁ," అంది. ఎవరం బలవంతం చేయలేదు.